ఒకే నాణెం, రెండు ధరలు: ఈబే వేలాల్లో సెర్చ్ వరుస చేసే పని

ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో పాత నాణేలు, తపాలా బిళ్ళలు, చేతి గడియారాలు అమ్మేవారిని తరచూ కలవరపెట్టే సంగతి ఒకటి ఉంది. ఒకే రకం, ఒకే స్థితిలో ఉన్న వస్తువు ఒక వారం 53 డాలర్లు పలుకుతుంది, మరో వారం 31 దగ్గరే ఆగిపోతుంది. "ఈ వారం గిరాకీ లేదు" అని సరిపెట్టుకోవడం మామూలే. అయితే గిరాకీ ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఉన్న గిరాకీ కంట వస్తువు పడిందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆన్‌లైన్ వేలంలో రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు సెర్చ్ ఫలితాల వరుసలోనే దొరుకుతుంది. ఆ వరుసను తేల్చే పద్ధతి ఇన్నేళ్ళలో పలుమార్లు మారింది. మారినప్పుడల్లా తమను వెనక్కి నెట్టారని చిన్న అమ్మకందారులు అన్నారు, కొనేవారికి మేలు చేశామని సంస్థ చెప్పింది. రెండు మాటల్లోనూ నిజం ఉండడం వల్లనే విషయం చిక్కుపడింది.

ఇక్కడ ఈబేనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ 'ఆక్షన్‌వెబ్' పేరుతో మొదలుపెట్టిన ఈ వేదికను ఆర్థికశాస్త్ర పరిశోధకులు శల్యపరీక్ష చేసినంతగా మరే వేలం వేదికనూ చేయలేదు. మన దేశంలో దాని కథ పొట్టిది. 2004లో బాజీ డాట్ కామ్ అనే ఇక్కడి వేలం వెబ్‌సైటును కొని ఇక్కడికి వచ్చింది, 2017లో భారత వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018 ఆగస్టులో ఈబే డాట్ ఇన్ మూతపడింది. అప్పటినుంచి ఇక్కడి అమ్మకందారులకు ఈబే అంటే విదేశీ కొనుగోలుదారులకు సరుకు పంపే మార్గం మాత్రమే.

ధరను తేల్చేది గెలిచినవారు కాదు, ఓడినవారు

ఈబే వేలంలో పాట పాడేవారు తాము ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తారు. ఆ మొత్తం ఎవరికీ కనబడదు. ఎదుటివారు పాట పెంచిన మేరకే వ్యవస్థ వీరి తరఫున కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. దీన్ని ప్రాక్సీ బిడ్డింగ్ అంటారు. వేలం ముగిసేసరికి వస్తువు అందరికంటే ఎక్కువ ఇవ్వగలిగినవారికి దక్కుతుంది. వారు చెల్లించేది మాత్రం తమ గరిష్ఠ మొత్తం కాదు, రెండో స్థానంలో ఉన్నవారి గరిష్ఠ మొత్తానికి ఒక మెట్టు పైన. అమెరికా ఈబేలో 25 నుంచి 100 డాలర్ల మధ్య ఆ మెట్టు ఒక డాలరు.

ఇందులోని అసలు కీలకం ఇది. ఒక వస్తువును వంద డాలర్లకైనా కొనే మనిషి వేలానికి వచ్చినంత మాత్రాన ధర వందకు చేరదు. అతనితో పోటీపడే రెండో మనిషి కూడా రావాలి. ఊళ్ళో చెరువు చేపల వేలం జరిగే ముందు టముకు వేయించేది ఇందుకే: ఆ మాట ఎన్ని వీధులకు వినబడిందన్నదాన్ని బట్టి పాట ఎక్కడిదాకా వెళ్తుందో తేలుతుంది. ఆన్‌లైన్ వేలంలో ఆ పని సెర్చ్ వరుసది.

లెక్కగా చూస్తే: ఐదుగురు కొనేవారు, ఒక వెండి రూపాయి

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మతో ముద్రించిన వెండి రూపాయిని న్యూజెర్సీలోని ఒక చిన్న అమ్మకందారు వేలానికి పెట్టారనుకుందాం. (న్యూజెర్సీ అనుకోవడానికి కారణం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం మన దేశంలో పురావస్తువు. దాన్ని ఇక్కడినుంచి వ్యక్తులు ఎగుమతి చేయడానికి వీల్లేదు. ఆ నవాబు పాలన 1911లో మొదలైంది కాబట్టి తొలి ఏళ్ళ నాణేలన్నీ ఇప్పటికే ఆ గీత దాటాయి.) ఆ వారం ఇలాంటి నాణెం కోసం వెతుకుతున్నవారు ప్రపంచం మొత్తం మీద ఐదుగురున్నారు. వారు ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాలు వరుసగా 60, 52, 45, 30, 20 డాలర్లు. వేలం 99 సెంట్ల దగ్గర మొదలవుతుంది. లెక్క తేలికగా ఉండడానికి ఆ ఒక్క డాలరు మెట్టును పక్కన పెడదాం.

ఐదుగురికీ వస్తువు కనబడితే ధర 52 డాలర్లు. వారిలో ఏ ఒక్కరికో మాత్రమే కనబడితే, ఆ ఒక్కరు 60 డాలర్లు ఇవ్వగలిగినవారే అయినా, నాణెం 99 సెంట్లకే పోతుంది. ఈ రెండు కొసల మధ్య ఏం జరుగుతుందన్నదే ఆసక్తికరం. ఎవరైనా ఇద్దరికి కనబడిందనుకుంటే పది రకాల జంటలు సాధ్యం. అన్నింటి సగటు ధర 31 డాలర్ల 20 సెంట్లు. ముగ్గురికి కనబడితే సగటు 42.60, నలుగురికైతే 49.20.

ఈ అంకెల మధ్య దూరాలను గమనించాలి. రెండో మనిషి రావడం వల్ల పెరిగింది 30 డాలర్లు. మూడో మనిషి వల్ల 11.40, నాలుగో మనిషి వల్ల 6.60, ఐదో మనిషి వల్ల 2.80 మాత్రమే. అంటే ఇప్పటికే బాగా కనబడుతున్న అమ్మకందారుకు వరుసలో మరో మెట్టు ఎక్కడం వల్ల వచ్చేది స్వల్పం, అంతంతమాత్రంగా కనబడేవారు ఒక మెట్టు దిగజారితే పోయేది అపారం. ర్యాంకింగ్ మార్పు అందరినీ ఒకే మోతాదులో తాకినా, దెబ్బ మాత్రం ఒకే మోతాదులో తగలదు.

స్థిర ధర లిస్టింగ్‌తో (వస్తువును అమ్మకానికి నమోదు చేసే ఒక్కో పేజీని లిస్టింగ్ అంటారు) పోల్చితే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. అదే నాణేన్ని 45 డాలర్లకు 'బై ఇట్ నౌ' పద్ధతిలో పెడితే ఐదుగురిలో ముగ్గురు కొనగలరు. వరుసలో ఎంత వెనక ఉన్నా ఆ ముగ్గురిలో ఒకరి కంట ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది, 45 డాలర్లూ వస్తాయి, కాకపోతే నెల ఆలస్యంగా వస్తాయి. స్థిర ధరలో వెనకబాటుకు మూల్యం కాలం. వేలంలో గడియారం ఆగదు, వారమో పది రోజులో గడిచాక ఎంత పాట ఉంటే అంతకే ఇచ్చేయాలి కాబట్టి, అక్కడ మూల్యం ధరే.

మరో చిక్కు కూడా ఉంది. ముగిసిన వేలాల ధరలను ఈబే అందరికీ చూపిస్తుంది. ఇద్దరికే కనబడి 31 డాలర్లకు పోయిన నాణెం ఆ పట్టికలో "ఇటీవలి ధర"గా చేరుతుంది. తరువాతి వారం కొనేవారు దాన్ని చూసి తమ గరిష్ఠ మొత్తాన్ని తగ్గించుకుంటారు. ఒక్కరి లిస్టింగ్ వెనకబడడం అలా మిగతా అమ్మకందారుల ధరకు కూడా గండి కొడుతుంది.

గడియారమే వరుసను నడిపిన రోజులు

తొలి దశాబ్దానికి పైగా ఈబేలో సెర్చ్ ఫలితాల మామూలు క్రమం చాలా సాదాగా ఉండేది. ముందుగా ముగిసే వేలం పైన, ఆలస్యంగా ముగిసేది కింద. అమ్మేవారు ఎవరు, ఎన్నేళ్ళ అనుభవం, ఎన్ని అమ్మకాలు అన్న తేడా లేదు. వారం రోజుల వేలం చివరి గంటలకు చేరేసరికి ఎవరిదైనా సరే పైకి వచ్చి నిలిచేది. చాలామంది చివరి నిమిషాల్లోనే పాట పాడతారు కాబట్టి సరిగ్గా అవసరమైన వేళకే వస్తువు కళ్ళముందు ఉండేది. అమెరికాలో ఆదివారం సాయంత్రం ముగిసేలా వేలాలు పెట్టడం ఒక ఆనవాయితీగా మారింది ఈ కారణం చేతనే.

ఆ పద్ధతిని తలచుకుని ఇప్పటికీ నిట్టూర్చే అమ్మకందారులు ఉన్నారు. వారి బాధలో న్యాయం ఉంది, కానీ ఆ రోజులు అనుకున్నంత సమానత్వపు రోజులు కావు. గడియారం ప్రతి లిస్టింగ్‌కూ సమానావకాశం ఇచ్చింది, ప్రతి అమ్మకందారుకూ కాదు. ఒకే రకం ఫోను కవరును రోజుకు వంద వేలాలుగా విడగొట్టి పెట్టగలిగిన పెద్ద వ్యాపారి ఏ గంటలో చూసినా పైనే ఉండేవారు. డబ్బు కడితే ఫలితాల నెత్తిన కూర్చోబెట్టే 'ఫీచర్డ్ ప్లస్' అనే సదుపాయం కూడా అప్పుడే ఉంది. స్థానాన్ని అమ్ముకోవడం ఈబే ఇటీవల నేర్చిన విద్యేమీ కాదు.

కొనేవారి వైపు నుంచి చూస్తే గడియారానికి ఇంకో లోపం ఉంది. ముగింపు దగ్గరపడిన వస్తువు మంచిదని గాని, నమ్మదగినవారిదని గాని ఏమీ లేదు. వస్తువును ఒక సెంటుకు పెట్టి తపాలా ఖర్చు 20 డాలర్లు అని చిన్న అక్షరాల్లో రాసే తెలివి కూడా ఆ కాలపుదే. సీడీలు, వీడియో గేములతో ఈబేలో చేసిన ఒక ప్రయోగం 2006లో ప్రచురితమైంది. ప్రారంభ ధర తగ్గించి ఆ మేరకు తపాలా రుసుము పెంచితే అమ్మకందారుకు మొత్తం మీద ఎక్కువే ముట్టేదని అందులో తేలింది. 2011లో ఈబే తపాలా రుసుము మీద కూడా తన కమిషన్ వసూలు చేయడం మొదలుపెట్టాక ఆ ఎత్తుగడకు పదును తగ్గింది.

2008: 'బెస్ట్ మ్యాచ్' రాక, అమ్మకందారుల అలక

2008 ఆరంభంలో మూడు నిర్ణయాలు దాదాపు ఒకేసారి వచ్చాయి. లిస్టింగ్ రుసుము తగ్గించి అమ్మకంపై కమిషన్ పెంచారు. కొనేవారి మీద ప్రతికూల ఫీడ్‌బ్యాక్ రాసే హక్కును అమ్మేవారినుంచి తీసేస్తున్నట్లు ప్రకటించారు. సెర్చ్‌లో మామూలు క్రమంగా 'బెస్ట్ మ్యాచ్' అనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. ఫిబ్రవరిలో చాలామంది అమ్మకందారులు వారం రోజులపాటు లిస్టింగులు ఆపేసి నిరసన తెలిపారు. అదే ఏడాది బై డాట్ కామ్ అనే పెద్ద రిటైల్ సంస్థ ప్రత్యేక ఒప్పందంతో లక్షల కొద్దీ కొత్త వస్తువులను ఈబేలోకి దించడంతో, తమను పక్కకు తప్పించడానికే ఇదంతా అన్న అనుమానం చిన్నవారిలో బలపడింది.

బెస్ట్ మ్యాచ్ వెనక ఉన్న ఆలోచన ఇది: వెతికినవారు ఏది కొనే అవకాశం ఎక్కువో దాన్ని పైన పెట్టు. అందుకు 2007లో వచ్చిన వివర రేటింగులను వాడుకున్నారు. వస్తువు వర్ణనకు సరిపోయిందా, మాట్లాడిన తీరు ఎలా ఉంది, ఎంత వేగంగా పంపారు, తపాలా రుసుము సబబుగా ఉందా అని కొన్నవారు నాలుగు అంశాలకు నక్షత్రాలు ఇస్తారు. అవి తక్కువగా ఉన్నవారు వరుసలో కిందికి జారారు. 2013 నాటికి పాత సెర్చ్ యంత్రాంగమైన 'వాయేజర్' స్థానంలో 'క్యాసినీ' వచ్చాక, లెక్కలోకి తీసుకునే సంకేతాలు ఇంకా పెరిగాయి. సంస్థ బహిరంగంగా చెప్పిన మేరకు వెతికిన మాటలకు లిస్టింగ్ ఎంత దగ్గర, వస్తువుకు ఎంత ఆదరణ ఉంది, ధర ఎంత, వివరాలూ ఫొటోలూ ఎంత సమగ్రంగా ఉన్నాయి, వాపసు నియమాలేమిటి, ఎన్నాళ్ళలో పంపుతారు, అమ్మకందారు చరిత్ర ఎలాంటిది అన్నవి ప్రధానాంశాలు. దేనికి ఎంత బరువు ఇస్తారన్నది మాత్రం బయటపెట్టలేదు.

ఒక్కటే ఉన్న వస్తువుకు చరిత్ర ఎక్కడిది?

ఈ అంశాల్లో 'ఆదరణ' అనేది చూడడానికి నిరపాయంగా కనిపిస్తుంది. చైనా తయారీ ఫోను కవరుకు అది చక్కగా పనిచేస్తుంది. వెయ్యిమందికి కనబడితే యాభైమంది కొన్న లిస్టింగ్, వెయ్యిమందిలో ఐదుగురే కొన్నదాని కంటే మెరుగైనదని అనుకోవడంలో తప్పులేదు. నాణేలు, పాత కెమెరాలు, చీరల నుంచి కత్తిరించిన అంచులు అమ్మేవారి సంగతి వేరు. అక్కడ వస్తువు ఒక్కటే ఉంటుంది. మొదటి అమ్మకంతోనే లిస్టింగ్ ముగిసిపోతుంది, అంటే దానికి చరిత్ర పుట్టేసరికి అది ఉండదు. అలాంటప్పుడు యంత్రం ఇతర ఆధారాల మీద మొగ్గాలి: అలాంటి వస్తువులకు గతంలో వచ్చిన స్పందన, ఇప్పటిదాకా వచ్చిన బిడ్లు, అమ్మకందారు గత చరిత్ర. మూడో ఆధారం మీద బరువు పెరిగేకొద్దీ కొత్తవారి దారి ఇరుకవుతుంది.

పదేపదే అమ్మే సరుకు విషయంలోనూ కొత్తవారికి ఒక గణాంక చిక్కు ఉంది. ఒక కొత్త అమ్మకందారు వస్తువు నిజంగానే నూటికి ఐదుగురు కొనదగినదే అనుకుందాం. తొలి విడతలో అది 20 మందికే చూపబడింది. ఆ ఇరవైమందిలో ఒక్కరూ కొనకపోవడానికి ఎంత అవకాశం ఉంది? 0.95ను 20 సార్లు గుణిస్తే సుమారు 0.36. అంటే అనుభవజ్ఞులతో సమానమైన సరుకు అమ్మే కొత్తవారిలో మూడోవంతుకు మించినవారు తొలి పరీక్షలో సున్నా మార్కులతో బయటికొస్తారు, వారి తప్పేమీ లేకుండానే. కొత్త లిస్టింగులకు ఈబే కొన్నాళ్ళు కొంత ఊతం ఇస్తుందని అమ్మకందారుల్లో గట్టి నమ్మకం ఉంది. అలాంటి ఊతం ఇవ్వడానికి సాంకేతికంగా మంచి కారణమే ఉంది, అయితే ఎన్నాళ్ళు, ఎంతమందికి చూపితే పరీక్ష సరైనదవుతుందన్నది వేదిక చేతిలోని విషయం.

చిన్న సంఖ్యల శిక్ష

అమ్మకందారు చరిత్రను కొలిచే తీరులోనూ ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. ఈబే లెక్కలో లోపాల రేటు, అంటే అమ్మకందారు రద్దుచేసిన లేదా పరిష్కరించకుండా వదిలేసిన లావాదేవీల శాతం, 2 దాటితే ప్రమాణాల కంటే కింద ఉన్నట్లు. ఏడాదికి 40 అమ్మేవారికి ఒక్క లోపం 2.5 శాతం. నాలుగు వేలు అమ్మేవారికి అదే ఒక్క లోపం 0.025 శాతం. ఈ అన్యాయం సంస్థకు తెలియనిది కాదు. అందుకే ఒకరిద్దరు కొనుగోలుదారుల ఫిర్యాదుతోనే హోదా తగ్గించకుండా, వేర్వేరు కొనుగోలుదారులు ఇంతమంది ఉండాలన్న కనీస సంఖ్య పెట్టింది.

అయినా ఒక తేడా మిగిలే ఉంది. గత మూడు నెలల్లో 400 లేదా అంతకు మించి లావాదేవీలు చేసినవారిని ఆ మూడు నెలల లెక్కతోనే తూస్తారు, అంతకు తక్కువైతే పన్నెండు నెలల లెక్కతో. తగినన్ని సంఖ్యలు ఉండాలంటే చిన్నవారి విషయంలో ఎక్కువ కాలం తీసుకోవలసిందే, గణాంకశాస్త్రపరంగా ఇది సమంజసం. ఫలితం మాత్రం ఏమిటంటే, పెద్ద వ్యాపారి చేసిన పొరపాటు కొద్ది నెలల్లోనే చెరిగిపోతుంది, చిన్న వ్యాపారిది ఏడాదిపాటు వెంటాడుతుంది. మంచి పనితీరు ఉన్న అమ్మకందారులకు ఈబే ఇచ్చే 'టాప్ రేటెడ్' హోదాకు అమెరికాలో ఏడాదికి కనీసం 100 లావాదేవీలు, వెయ్యి డాలర్ల అమ్మకాలు ఉండాలన్న నిబంధన కూడా తీరిక వేళల్లో అమ్మేవారిని సహజంగానే బయట ఉంచుతుంది.

పేరుకు ఉన్న విలువను కొలిచిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. పాత పోస్టుకార్డులను ఒక అనుభవజ్ఞుడైన అమ్మకందారు తన పాత ఖాతాలోనూ, కొత్తగా తెరిచిన ఖాతాల్లోనూ జతలు జతలుగా అమ్మిచూశారు. 2006లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం పాత ఖాతాకు 8.1 శాతం ఎక్కువ ధర వచ్చింది. ఇది బెస్ట్ మ్యాచ్ రాకముందు ప్రచురితమైన ఫలితం, గడియారం వరుసను నడిపిన కాలపుది. అంటే ఆ తేడాకు కారణం కొనేవారి నమ్మకం. ఆ తరువాత అదే చరిత్ర నమ్మకంతోపాటు స్థానాన్ని కూడా తెచ్చిపెట్టడం మొదలైంది, కాబట్టి ఒక్క గుణానికి రెండుసార్లు ప్రతిఫలం దక్కుతోందన్న విమర్శకుల మాటను తేలిగ్గా తీసిపారేయలేం.

99 సెంట్ల ప్రారంభ ధర అనే రుసుము

ఇప్పుడు మన వెండి రూపాయి దగ్గరకు తిరిగివద్దాం. ఇద్దరికే కనబడితే సగటున 31.20 వస్తుందని చూశాం. మరి 99 సెంట్లకు బదులు 40 డాలర్ల దగ్గర మొదలుపెడితే? పది జంటల్లో తొమ్మిదింటిలో నాణెం అమ్ముడవుతుంది, అమ్ముడైనప్పుడు సగటు 42.44. మిగిలిన ఒక్క జంటలో, అంటే 30, 20 డాలర్లవారే చూసినప్పుడు, అమ్మకం జరగదు. అమ్ముడుపోనిదాన్ని సున్నా కింద లెక్కగట్టినా సగటు 38.20 తేలుతుంది, పైగా నాణెం చేతిలోనే ఉంటుంది. అలాగైతే అందరూ ఎక్కువ ధరతోనే ఎందుకు మొదలుపెట్టరు?

ఎందుకంటే ప్రారంభ ధర మారితే చూసేవారి సంఖ్య కూడా మారుతుంది. 99 సెంట్ల వేలానికి తొలిరోజే బిడ్లు పడతాయి, దాన్ని గమనిస్తూ ఉండేవారి సంఖ్య పెరుగుతుంది, అవి ఆదరణ సంకేతాలుగా లెక్కలోకి వెళ్తాయి. 40 డాలర్ల వేలం మొదటి ఐదు రోజులు ఖాళీగా కూర్చుంటుంది. తక్కువ ప్రారంభం వల్ల చూసేవారు ఇద్దరినుంచి ముగ్గురైతే సగటు 42.60కి చేరి, ఎక్కువ ప్రారంభంతో ఇద్దరికే కనబడినప్పటి 38.20ని దాటేస్తుంది. అదే తక్కువ ప్రారంభం పెట్టినా ఇద్దరికి మించి రాకపోతే అమ్మకందారు నష్టపోతారు. తక్కువ ప్రారంభ ధర అంటే, కనబడడం కోసం అమ్మకందారు నగదుగా కాక నష్టభయం రూపంలో కట్టే రుసుమన్న మాట. వందల నాణేలు వేలం వేసే సంస్థకు ఆ సగటులు నిజంగానే సగటున ఫలిస్తాయి. నెలకు మూడు నాణేలు అమ్మేవారికి 99 సెంట్లకు పోయిన ఒక్క నాణెమే ఆ నెల ఆదాయాన్ని మింగేస్తుంది.

డబ్బుతో కొనే స్థానం

2015లో మొదలైన 'ప్రమోటెడ్ లిస్టింగ్స్' ప్రధానంగా స్థిర ధర సరుకు కోసం వచ్చిన పద్ధతి. దాని సాధారణ రకంలో అమ్మకందారు అమ్మకం ధరలో ఇంత శాతం ఇస్తానని ఒప్పుకుంటారు. ప్రకటన మీద క్లిక్ పడిన తరువాత 30 రోజుల్లో వస్తువు అమ్ముడైతేనే ఆ మొత్తం కట్టాలి. క్లిక్‌కు ఇంతని చెల్లించే రకం తరువాత వచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. తపాలాతో కలిపి 50 డాలర్లకు అమ్మే వస్తువుకు కొనుగోలు, పంపకం ఖర్చులు 36 అనుకుందాం. ఈబే కమిషన్ అమెరికాలో చాలా విభాగాల్లో 13 శాతం పైన ఉంది, లెక్కకు 13 అనుకుంటే 6.50. మిగిలేది 7.50. ప్రకటనకు 8 శాతం ఒప్పుకుంటే మరో 4 డాలర్లు పోయి, లాభం 3.50కి దిగుతుంది. ధరలో 8 శాతమంటే చిన్నదిగా వినిపిస్తుంది, లాభంలో అది సగానికి మించిన వాటా. పాత లాభం నిలబెట్టుకోవాలంటే ధరను దాదాపు 55కు పెంచాలి. ధర కూడా వరుసను నిర్ణయించే అంశాల్లో ఒకటి కాబట్టి, అలా పెంచితే డబ్బిచ్చి కొనుక్కున్న స్థానంలో కొంత మళ్ళీ జారిపోతుంది. పోటీలో ఉన్న పదిమందీ అదే 8 శాతం ఒప్పుకున్నప్పుడు వరుస మొదటికే వస్తుంది, రుసుము మాత్రం అలాగే ఉండిపోతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చరిత్ర లేని కొత్త అమ్మకందారుకు యంత్రం ఇవ్వని తొలి అవకాశాన్ని ప్రకటన ఇవ్వగలదు. అమ్ముడైతేనే కట్టాలన్న షరతు ఉన్నంతవరకు చేతినుంచి ముందుగా పెట్టాల్సిందేమీ లేదు. క్లిక్‌కు చెల్లించే రకంలో ఈ వెసులుబాటు లేదు, అందుకే చిన్నవారికి ఈ రెండింటి మధ్య తేడా పేరులో కనిపించేదానికంటే చాలా పెద్దది.

స్థానం ఎంత పని చేస్తుంది, నాణ్యత ఎంత పని చేస్తుంది?

పైన ఉన్నవే ఎక్కువగా అమ్ముడవుతాయన్నది నిజమే కానీ, పైన ఉండడం వల్ల అమ్ముడవుతున్నాయా, అమ్ముడయ్యేవి కాబట్టి పైన పెట్టారా అన్నది వేరుచేయడం కష్టం. గూగుల్ తన షాపింగ్ సేవను సెర్చ్ ఫలితాల్లో పైన పెట్టుకుందన్న కేసులో 2017లో యూరోపియన్ కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం కంప్యూటర్లలో మొదటి పేజీలోని పది ఫలితాలకు సుమారు 95 శాతం క్లిక్కులు పోతాయి, రెండో పేజీలోని మొదటి ఫలితానికి దక్కేది ఒక శాతం. మరోవైపు, ఒక ప్రయాణ వెబ్‌సైటు హోటళ్ళను కొందరికి యాదృచ్ఛిక వరుసలో చూపిన సమాచారాన్ని విశ్లేషించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒక సూక్ష్మమైన సంగతి తేల్చింది. స్థానం వల్ల క్లిక్కులు గణనీయంగా మారాయి. ఒకసారి క్లిక్ చేసి లోపలికి వెళ్ళాక మాత్రం, కొనాలా వద్దా అన్న నిర్ణయం మీద స్థానం ప్రభావం లేదు. హోటళ్ళ సంగతిని నాణేలకు నేరుగా అన్వయించలేం. అయినా ర్యాంకింగ్ శక్తి ఎక్కడుందో ఇది చూపిస్తుంది: అది కొనేవారి అభిప్రాయాన్ని మార్చదు, అభిప్రాయం ఏర్పరచుకునే అవకాశం ఎవరికి దక్కాలో నిర్ణయిస్తుంది. రెండో బిడ్డరు మీద ఆధారపడిన వేలానికి ఇంతకంటే కీలకమైన అంశం లేదు.

ఈబే 2011లో చేసిన ఒక మార్పును పరిశీలించిన పరిశోధన కూడా 2018లోనే వచ్చింది. ఒకే ఉత్పత్తిని అమ్మేవారందరినీ ఒక పేజీలో చేర్చి, ధర ప్రధానంగా వరుస పెట్టినప్పుడు ఏమైందన్నది దాని ప్రశ్న. కొనేవారికి తగిన వస్తువును చూపడం, అమ్మేవారి మధ్య ధరల పోటీ పెంచడం అన్న రెండు లక్ష్యాలు ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగవని ఆ రచయితలు చూపారు. అందరూ ఒకేలాంటి కొత్త సరుకు అమ్ముతున్నప్పుడు ధర వరుస కొనేవారికి లాభం. వాడిన సరుకు, ఏకైక వస్తువుల విషయంలో ధర వరుస తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అక్కడ చౌకది అంటే తరచుగా నాసిరకమే.

వేలాల క్షీణతకు కూడా ర్యాంకింగ్ ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. 2000ల తొలి ఏళ్ళలో ఈబే అంటే దాదాపు వేలాలే, ఇప్పుడు స్థిర ధరలదే రాజ్యం. ఈ మార్పును పరిశీలించిన ఆర్థికవేత్తలు, సరుకు రకాలు మారడం కంటే వేలంలో కొనే ఓపిక కొనేవారిలో తగ్గిపోవడమే పెద్ద కారణమన్న నిర్ధారణకు వచ్చారు. వారం ఆగి, చివరి నిమిషంలో ఓడిపోయే ఆటను సరదాగా చూసిన తరం వేరు, రేపటికి ఇంటికి రావాలనుకునే తరం వేరు. అయినా అపురూపమైన వస్తువులకు వేలం ఇప్పటికీ బతికే ఉంది, ఎందుకంటే వాటి సరైన ధర ఎంతో అమ్మేవారికే తెలియదు. చిన్న అమ్మకందారులు ఎక్కువగా ఉండేదీ ఆ మూలనే.

వరుస గుట్టు విప్పమన్న చట్టాలు

2020 జులై 12 నుంచి అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, ఆన్‌లైన్ వేదికలు ర్యాంకింగ్‌ను నిర్ణయించే ప్రధానాంశాలను, వాటికి ఇచ్చిన సాపేక్ష ప్రాధాన్యానికి కారణాలను, డబ్బు కట్టి స్థానం మెరుగుపరచుకునే వీలుంటే ఆ సంగతిని తమ షరతుల్లో చెప్పాలి. అదే నెలలో మన దేశంలో వెలువడిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాలు కూడా, వస్తువులనూ అమ్మకందారులనూ వరుస పెట్టే ప్రధానాంశాలేమిటో, వాటి సాపేక్ష ప్రాధాన్యమేమిటో సులువైన భాషలో అందరికీ అందుబాటులో ఉంచాలని మార్కెట్ వేదికలను ఆదేశించాయి.

రెండూ కోరింది ప్రధానాంశాలను మాత్రమే. వరుసను లెక్కగట్టే సూత్రాన్ని బయటపెట్టాల్సిన అవసరం లేదని యూరోపియన్ నిబంధన విడిగా చెప్పింది కూడా. సూత్రం తెలిస్తే దాన్ని బురిడీ కొట్టించడం తేలికవుతుందన్నది వేదికల వాదన. తన మనిషి చేత పాట పెంచించడం, కొనకుండానే క్లిక్కులు కొట్టించడం లాంటివి ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయడం కుదరదు. అలాగని "అమ్మకందారు పనితీరు, ధర, ఔచిత్యం" అన్న మూడు మాటలు చదివినందువల్ల మన న్యూజెర్సీ అమ్మకందారుకు తేలేదేమీ లేదు. తన లిస్టింగ్ ఎన్నిసార్లు తెరమీదికి వచ్చిందో, ఎంతమంది క్లిక్ చేశారో అమ్మకందారుల కోసం ఈబే నడిపే 'సెల్లర్ హబ్' పేజీ చెబుతుంది. ఆ నాణెం ఎవరి వెనక నిలిచింది, 52 డాలర్లు ఇవ్వగలిగిన మనిషి తెరమీద అది ఎన్నో వరుసలో ఉంది అన్నవి ఆ నివేదికలో ఉండవు, వాటిని ఇవ్వాలని ఏ నిబంధనా అడగదు.